హాము బొమ్మ

భీమవరం,
16 జూన్ 2025.

ప్రియమైన పెద్దమ్మకు,

ప్రభువు పేరిట వందనాలు. తుంటి ఎముకకి వేసిన రాడ్డు ఎలా ఉంది? వాకర్ పట్టుకుని గుమ్మం దాకా అయినా నడుస్తున్నావా? జూలై ఆఖరు వరకూ మెట్లు దిగొద్దని డాక్టరు చెప్పాడు, దిగకు. నీ మొండితనం నాకు తెలుసు.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదా అని నన్ను తిట్టుకుంటూ ఉంటావు. మా ఇంట్లో నలభై రోజుల ఉపవాస ప్రార్థన నడుస్తోంది. ఈ నలభై రోజులూ ఫోన్ ముట్టకూడదట. మీ అల్లుడు ఫిన్నీ తన ఫోనూ నా ఫోనూ తీసుకెళ్లి ప్రార్థన గుడారంలో అప్పగించి వచ్చాడు. అందుకే స్కూల్లో లీజరు పీరియడ్‌లో కూర్చుని రాస్తున్నాను. నువ్వు కూడా స్కూలు అడ్రసుకే రాయి. ఇంటికి వద్దు.

గుడారం అంటే ఊరి బయట మూతపడిన ఐస్ ఫ్యాక్టరీ. రొయ్యల కోసం ఐసు కొట్టిన హాల్లో ఇప్పుడు చాపలు పరిచారు. బ్రదర్ ఉదయ్‌కుమార్ గారని ఒకాయన అక్కడ వాక్యం చెబుతారు. ఆయన అరవరు పెద్దమ్మా, చాలా మెత్తగా మాట్లాడతారు. అదే నాకు భయం. ప్రతి కుటుంబాన్నీ కూర్చోబెట్టి మూడు తరాల వాళ్ల గురించి అడుగుతారు. ఎవరు చిన్న వయసులో పోయారు, ఎవరికి ఏ జబ్బు, ఎవరిది ఏ రంగు. అన్నీ ఒక పెద్ద అట్ట మీద రాస్తారు. మా అట్ట మీద మా అమ్మ పేరు, నా పేరు, కెజియా పేరు పక్కన నల్ల స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టారు. మేం ముగ్గురం నలుపు కదా.

తర్వాత కెజియా తల మీద చెయ్యి వేసి, "ఈ బిడ్డకి వచ్చింది షుగరు కాదమ్మా. నోవహు శాపం. హాము రక్తం మీ ఇంట్లో ఆడవాళ్ల మీదుగా దిగుతోంది. రంగే దానికి సాక్ష్యం," అన్నారు. దానికి తొమ్మిదేళ్లు పెద్దమ్మా. అన్నీ అర్థమవుతాయి. ఆటోలో వస్తూ, నేను హాము కూతుర్నా నాన్న కూతుర్నా అని అడిగింది.

ఫిన్నీ చెడ్డవాడు కాడని నీకు తెలుసు. రొయ్యల ఫీడు కంపెనీలో పొద్దున్నించి సాయంత్రం దాకా పనిచేసి వచ్చి కూడా దాని షుగరు తనే చూసేవాడు. పోయినేడు అది మూడు రోజులు ఐసీయూలో ఉన్నప్పుడు బయట బెంచీ మీద కూర్చుని వణికిపోయాడు. ఆ వణుకు ఇంకా పోలేదు. జన్మంతా ఇంజెక్షన్లే అని డాక్టరు అన్నారు, శాపం తీరితే ఇంజెక్షనే అక్కర్లేదని బ్రదర్ గారు అంటున్నారు. తను ఎవరి మాట పట్టుకున్నాడో వేరే చెప్పాలా.

జూలై 20 ఆదివారం నలభయ్యో రోజు. ఆ రోజు ఇన్సులిన్ పెట్టె ఆయన కాళ్ల దగ్గర పెట్టి వదిలెయ్యాలట.

నువ్వు జన్మంతా ఇవే పుస్తకాలు చదివావు. హాము సంగతి నిజంగా బైబిలు వాక్యంలో ఉందా? ఉన్నది ఉన్నట్టు చెప్పు.

నీ
సూర్యకళ


రాజమహేంద్రవరం,
20 జూన్ 2025.

సూరీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవబోతే ఒళ్లు మండి పక్కన పడేశాను.

ముందు ఇన్సులిన్ సంగతి. ఒక్క పూట మానడానికి వీల్లేదు. కెజియాకి వచ్చిన షుగరులో మందు ఆపితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. ఇందులో నమ్మకాలతో పని లేదు.

ఇక హాము. ఆదికాండంలో ఓడ దిగిన తర్వాతి అధ్యాయం తీసి నువ్వే చదువు. నోవహు ద్రాక్షతోట వేశాడు, తాగాడు, ఒంటి మీద గుడ్డ లేకుండా పడుకున్నాడు. హాము చూశాడు. లేచాక ముసలాయన శపించింది హామును కూడా కాదు, హాము కొడుకు కనానును. ఆ అధ్యాయం మొత్తం గాలించు. నలుపు అనే మాట ఎక్కడా కనపడదు. రంగు ఊసే లేదు.

మరి ఎక్కడినుంచి వచ్చింది? అక్కడక్కడా కథగా తిరుగుతున్న మాటను ఐదారు వందల ఏళ్ల కిందట ఓడల వాళ్లు అందిపుచ్చుకున్నారు. పోర్చుగీసు వాళ్లు ఆఫ్రికా తీరంలో మనుషుల్ని పట్టి అమ్మడం మొదలుపెట్టాక, చేస్తున్న పని పాపమేమోనని లోపల పీకుతుంటే, వీళ్లు హాము సంతానం, వీళ్లకి బానిసత్వం దేవుడే రాశాడు అన్నారు. పట్టుకోవడం ముందు, వాక్యం వెతుక్కోవడం తర్వాత. అదే రోజుల్లో స్పెయిన్‌లో బాప్తిస్మం తీసుకున్న యూదుల పిల్లల్నీ మనవల్నీ రక్తం శుభ్రం కాదని మఠాల్లోంచీ కొలువుల్లోంచీ గెంటారు. బాప్తిస్మం కూడా కడగలేని రక్తం ఒకటుందని అప్పుడు నేర్చారు. ఆ తర్వాత అమెరికాలో వర్జీనియా వాళ్లు, బాప్తిస్మం పొందినా బానిస బానిసే అని చట్టమే రాసుకున్నారు. ఇదంతా ఎక్కడో జరిగిందనుకోకు. కరువు ఏళ్లలో మన తీరం నుంచి కూడా డచ్చి ఓడలు వేలమందిని కొనుక్కుపోయాయి.

కాబట్టి మీ మెత్తని బ్రదర్ గారు చెబుతున్నది వాక్యం కాదు, ఓడ వ్యాపారులు తమ మనసు కుదుటపడటానికి చెప్పుకున్న మాట. నేను మంచం మీద పడుకుని కూడా ఆదివారం ఆరాధన మానని దాన్ని. దేవుడి పేరు చెప్పి పసిపిల్ల రక్తానికి చుక్కలు పెడితే ఊరుకోను.

ఈ కాలు లేవకపోబట్టి గానీ ఈపాటికి మీ ఇంట్లో ఉండేదాన్ని. పిల్లల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యమంటావా? వెంటనే రాయి.

మాణిక్యాంబ పెద్దమ్మ


భీమవరం,
30 జూన్ 2025.

పెద్దమ్మకు,

ఫోన్ చెయ్యొద్దు. ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే కెజియాని తీసుకుని ఎవరికీ తెలియని చోటికి వెళ్లిపోతానని ఫిన్నీ అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అన్నం కలుపుకుంటూ అన్నాడు.

నీ ఉత్తరం అతనికి చూపించడం నా పొరపాటు. అతను దాన్ని తీసుకెళ్లి బ్రదర్ గారికి ఇచ్చాడు. ఆదివారం అందరి ముందూ ఆయన నన్ను లేపి, మీ పెద్దమ్మ గారు చాలా చదువుకున్నవారమ్మా, మరి చిన్నప్పుడు నోవహు కథ మీకు ఎలా నేర్పారు అని అడిగారు.

పెద్దమ్మా, అక్కడ అబద్ధం చెప్పలేకపోయాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మీ చర్చిలో వేసవి సెలవుల బైబిలు క్లాసులు. ఫ్లానెల్ గుడ్డ బోర్డు మీద నువ్వు ఓడ అంటించావు. నోవహు ముగ్గురు కొడుకుల బొమ్మలూ ముగ్గురు పిల్లల చేతికి ఇచ్చావు. యాపెతు బొమ్మ తెల్లగా ఉన్న డాక్టరు గారి అబ్బాయికి. షేము బొమ్మ చామనఛాయ పిల్లకి. నల్ల బొమ్మ నాకు. నేను వెళ్లి దాన్ని బోర్డుకి ఒక మూలన అంటించాలి. అందరూ నవ్వారు.

ఇదే చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, "చూశారా, ఇరవై తొమ్మిదేళ్ల కిందటే దేవుడు ఆ టీచరు చేతితో ఈ కుటుంబాన్ని చూపించాడు," అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. ఫిన్నీ ఏడ్చాడు.

నువ్వు రాసిన స్పెయిన్, పోర్చుగల్ ఎవరికీ గుర్తులేదు. నా చేతిలో నల్ల బొమ్మ మాత్రం అందరికీ కనిపించింది.

ఇంకో మాట చెప్పాలి. అన్నీ ఫిన్నీ మీదికి తోసి రాశాను. నిజానికి నేను కూడా నమ్ముతున్నానేమోనని భయంగా ఉంది. కెజియా పుట్టినప్పుడు నర్సు గుడ్డలో చుట్టి చూపిస్తే నేను మొదట ముఖం చూడలేదు, రంగు చూశాను. అయ్యో నా రంగే వచ్చింది, ఇక దీన్ని కూడా ఏదో పట్టుకుంటుంది అనుకున్నాను. ఆ ఏదో అన్నది నాకెవరు నేర్పారు పెద్దమ్మా? అది అబద్ధమని తెలిసినదానివి, నాకెందుకు ఇచ్చావు ఆ బొమ్మ?

సూర్యకళ


రాజమహేంద్రవరం,
4 జూలై 2025.

సూరీ,

పోయిన ఉత్తరంలో ఈ సంగతి రాయలేదు. మరిచిపోయి కాదు. నీకు గుర్తుండదేమోనని ఆశపడ్డాను.

అప్పుడు నాకు తెలియదు. ముప్ఫై తొమ్మిదేళ్ల దాన్ని, కాలేజీలో చరిత్ర చెబుతున్నదాన్ని, అయినా తెలియదు. ఆ క్లాసుల బొమ్మలు అచ్చులో రంగుల్లేకుండా గీతలుగా వచ్చేవి. రంగులు టీచర్లమే వెయ్యాలి. రాత్రి భోజనాలయ్యాక మా వంటింటి గట్టు మీద పెట్టుకుని నేనే వేశాను. యాపెతుకి గులాబి, షేముకి గోధుమ, హాముకి నలుపు. అలా వెయ్యమని ఎవరూ చెప్పలేదు. నాకు నేర్పిన టీచరు అలాగే వేసేది, ఆవిడకి నేర్పిన దొరసాని కూడా అలాగే వేసి ఉంటుంది. ఐదారు వందల ఏళ్ల కిందటి అబద్ధం ఒక్క పుస్తకం కూడా చదవకుండానే నా చేతికి వచ్చేసింది. పొద్దున్న బోర్డు దగ్గర పిల్లల ముఖాలు చూసి పంచాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఇంతే అయితే బాగుండేది. ఆ సాయంత్రం నువ్వు పెరట్లో కుళాయి దగ్గర గిన్నెలు తోమే పీచుతో ముంజేతులు రుద్దుకున్నావు. చర్మం లేచి ఎర్రగా అయింది. నా దగ్గరికొచ్చి, ఇది పోతుందా పెద్దమ్మా అని అడిగావు. నేను కొబ్బరినూనె రాస్తూ, ప్రార్థన చేసుకోమ్మా, దేవుడు తెల్లగా చేస్తాడు అన్నాను. ముద్దుగా అన్నాను. నీకు ఇది గుర్తుందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం మరిచిపోలేదు.

తర్వాత నాలుగేళ్లకి ఇదే విషయం మీద పరిశోధనకి చేరాను. ఎందుకని అడిగినవాళ్లకి ఆసక్తి అని చెప్పాను. పదకొండేళ్లు చదివి, డాక్టరేటు తెచ్చుకుని, ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చాను. నా ఇంట్లోనే పెరుగుతూ పక్క గదిలో నిద్రపోయిన పిల్లకి మాత్రం నేను తప్పు చేశానని చెప్పలేదు. సిగ్గేసింది. నీకు పెళ్లయింది, ఉద్యోగం వచ్చింది, ఇంకేంలే అనుకున్నాను.

మీ బ్రదర్ గారు దేవుడి చెయ్యి అన్నారే, అది నా చెయ్యి సూరీ. నల్ల పెన్సిలు పట్టుకున్న నా చెయ్యి. ఈ ఉత్తరం కూడా ఫిన్నీకి ఇవ్వు. ఆయన మైకులో చదువుకోనీ. నా పేరు చదవమను, నా కాలేజీ పేరు చదవమను.

నన్ను ఎప్పుడు క్షమిస్తావో నీ ఇష్టం. కెజియాకి మాత్రం మందు మానొద్దు.

పెద్దమ్మ


భీమవరం,
10 జూలై 2025.

పెద్దమ్మా,

కొబ్బరినూనె గుర్తుంది. పీచు గుర్తుంది. నువ్వన్న మాట కూడా గుర్తుంది. నువ్వు మరిచిపోయి ఉంటావని ఇన్నాళ్లూ నేను చెప్పలేదు.

ఫిన్నీ నీ ఉత్తరం చదివాడు. ఈసారి గుడారానికి తీసుకెళ్లలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు, అంతే.

ఇప్పుడు నా భయం ఫిన్నీ కాదు. మొన్న రాత్రి భోజనానికి ముందు ఇంజెక్షన్ వెయ్యబోతే కెజియా చెయ్యి వెనక్కి లాక్కుంది. నొప్పికి అనుకున్నాను. నిన్న కూడా అంతే. బతిమాలితే చెప్పింది. "అమ్మా, ఇది వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టే కదా. అప్పుడు నా నలుపు ఎలా పోతుంది?" పెద్దమ్మా, అది జబ్బు పోవాలని కూడా కోరుకోవడం లేదు. రంగు పోవాలని కోరుకుంటోంది. రాత్రి పడుకునేముందు అద్దంలో చేతులు చూసుకుంటోంది, తెలుపు ఎంతవరకు వచ్చిందా అని.

నిన్న మధ్యాహ్నం షుగరు మూడు వందల యాభై. గట్టిగా పట్టుకుని వేశాను. నేను వేస్తుంటే నన్ను శత్రువుని చూసినట్టు చూసింది. ఇంకా పది రోజులుంది. ఆ ఆదివారం తర్వాత దాన్ని ఎన్నిసార్లు అలా పట్టుకోగలను?

నీ పుస్తకాల సంగతి దానికి చెప్పి చూశాను. వినలేదు. నేను అమ్మని కాబట్టి అలా అంటానట.

సూర్యకళ


రాజమహేంద్రవరం,
14 జూలై 2025.

సూరీ, లోపలి కాగితం కెజియాకి. నువ్వు చదివి వినిపించినా సరే, దాన్నే చదువుకోమన్నా సరే. మీ షుగరు డాక్టరు గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఏ వేళలో తెచ్చినా చూస్తానన్నారు. ఆదివారం సాయంత్రంలోగా నీ కబురు రాకపోతే సోమవారం పొద్దున్నే నేను హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తాను. నువ్వు వద్దన్నా చేస్తాను. - పెద్దమ్మ

కెజియా తల్లీ,

నేను రాజమండ్రి అమ్మమ్మని. మీ అమ్మకి పెద్దమ్మని. నీకు ఒక తప్పు చెప్పుకోవాలి.

మీ అమ్మ నీ అంత ఉన్నప్పుడు నేను నోవహు కొడుకుల బొమ్మలకి రంగులు వేశాను. ఒక బొమ్మకి నల్ల రంగు వేసి, అది చెడ్డవాడి బొమ్మ అని మీ అమ్మకి ఇచ్చాను. వాక్యంలో అలా లేదు. నేను చూసుకోకుండా వేశాను. అది తప్పు. మీ అమ్మ ఏడ్చింది. దేవుడు నిన్ను తెల్లగా చేస్తాడులే అన్నాను. అది ఇంకా పెద్ద తప్పు. దేవుడు అలా ఎప్పుడూ అనలేదు. నేనే అన్నాను, ఆయన పేరు పెట్టి.

నీ రంగు మీ అమ్మది, మీ అమ్మ రంగు వాళ్లమ్మది. వాళ్లమ్మ నా చెల్లెలు. ఎండాకాలం గోదావరి గట్టు మీద పరిగెత్తితే నేను ఎప్పుడూ దాన్ని పట్టుకోలేకపోయేదాన్ని. దానిలో నాకు ఏ శాపమూ కనపడలేదు. నీ షుగరు ఒక జబ్బు. మందు వేసుకుంటే నువ్వు పెద్దదానివవుతావు. వేసుకోకపోతే చచ్చిపోతావు తల్లీ. చిన్నపిల్లలకి ఇలా రాయకూడదంటారు. నేను రాస్తున్నాను.

తప్పు నాది. శిక్ష నువ్వు పడొద్దు. చెయ్యి చాపి ఇంజెక్షన్ వేయించుకో.

అమ్మమ్మ


భీమవరం,
23 జూలై 2025.

అమ్మమ్మకు,

నేను కెజియాని. ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. ఎడమ చేతికి సెలైన్ ఉంది, కుడి చెయ్యి ఖాళీగానే ఉంది. అమ్మ ఫోన్‌లో నీకు చెప్పేసిందట, అయినా నేను రాస్తానన్నాను.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. నేనే మూడుసార్లు చదువుకున్నాను. శుక్రవారం, శనివారం ఇంజెక్షన్లు అన్నీ వేయించుకున్నాను. ఎందుకో చెప్పనా? పెద్దవాళ్లు ఎవరూ నేను తప్పు చేశాను అని పిల్లలకి రాయరు. బ్రదర్ గారు ఎప్పుడూ అనలేదు. టీచర్లు కూడా అనరు. నువ్వు అన్నావు కాబట్టి నిజమే అయ్యుంటుంది అనుకున్నాను.

ఆదివారం ఐస్ ఫ్యాక్టరీలో నన్ను ముందుకు పిలిచారు. పెట్టె కింద పెట్టమన్నారు. నేను పెట్టలేదు. గట్టిగా పట్టుకున్నాను. అందరూ పెద్దగా ప్రార్థన చేశారు. చెవులు నొప్పి పుట్టాయి. బ్రదర్ గారు నవ్వుతూనే నా వేళ్లు ఒక్కొక్కటీ విప్పి తీసుకున్నారు. నాన్న చూస్తూ ఉన్నాడు. సాయంత్రం అమ్మ మందుల షాపుకి వెళ్తానంటే నాన్న తలుపుకి అడ్డంగా కూర్చున్నాడు. నాకు దాహం వేసింది, చాలా నీళ్లు తాగాను. పొద్దున్నే వాంతులు అయ్యాయి. నాన్న నన్ను ఎత్తుకుని నా నోటి దగ్గర వాసన చూశాడు. పోయినేడు ఐసీయూకి తెచ్చినప్పుడు కూడా అదే వాసనట. చెప్పులు కూడా వేసుకోకుండా బండి మీద తీసుకొచ్చాడు. డాక్టరు గారు గుమ్మం దగ్గరే ఉన్నారు. నువ్వు ఫోన్ చేసిన హెల్ప్‌లైన్ మేడంలు వచ్చేసరికి మేం ఇక్కడే ఉన్నాం.

నిన్న ఐసీయూ నుంచి వార్డులో మంచం మీదికి మార్చారు. నాన్న వచ్చి నా దగ్గర కూర్చున్నాడు. తర్వాత, "నా తప్పమ్మా," అన్నాడు. నువ్వు అమ్మకి రాసిన ఉత్తరం ఇంకా నాన్న జేబులోనే ఉంది.

నేను రాసింది ఇందుకు కాదు. వీరదుర్గ అని ఒకమ్మాయి ఉంది. వాళ్లు చేపలు అమ్ముతారు. నాకంటే ఒక సంవత్సరం చిన్నది, నాకంటే నల్లగా ఉంటుంది. దానికి ఫిట్స్ వస్తాయి. మాత్రలు వేసుకుంటుంది. దాని నలభయ్యో రోజు వచ్చే ఆదివారం. మాత్రలు మానేస్తే తెల్లగా అవుతానని నాతో చాలా సంతోషంగా చెప్పింది. అమ్మ మేడంలకి చెప్పింది. వాళ్లు వెళ్తే ఇంటికి తాళం వేసి ఉందట. అందరూ ఐస్ ఫ్యాక్టరీ లోపలే ఉంటున్నారు. గేటు తియ్యడం లేదు. నాన్న ఇంకా వాళ్ల మనిషే అనుకుంటున్నారు కాబట్టి నాన్నని ఒక్కడినే రానిస్తారట. ఏదైనా ఇస్తే దాని చేతిలో పెట్టి వస్తానన్నాడు.

అందుకని దానికి కూడా నాకు రాసినట్టే ఒక ఉత్తరం రాయి అమ్మమ్మా. దానికి నువ్వు ఏ బొమ్మా ఇవ్వలేదు, నాకు తెలుసు. అయినా తప్పు నాది అని రాయి. లేకపోతే అది నమ్మదు. పెద్ద అక్షరాలతో రాయి, అది మూడో తరగతే. అమ్మ దీన్ని రేపటికి చేరేలా కొరియర్‌లో పంపుతోంది, నువ్వూ అలాగే పంపు.

ఇంక నాలుగు రోజులే ఉంది.

కెజియా